నీళ్ళు నిల్వ ఉంచొద్దని సీమలో చెబితే ఎవరు వింటారు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న జిల్లా పేజీలో మీరు వేసిన ఫోటో చూశాను. సందు నిండా తెల్లటి పొగ, పొగ వెనకాల పరిగెత్తుతున్న పిల్లలు, కింద దోమల మీద యుద్ధమనో ఏదో రాశారు. ఫోటో బాగుంది. కానీ ఆ పొగ గురించి, దాంతో పాటు ఆటోకు మైకు కట్టి చెప్పే మాటల గురించి నాకు కొంచెం చెప్పాలని ఉంది. ఫోన్‌లో టైప్ చేస్తున్నాను కాబట్టి తప్పులుంటే దిద్దుకోండి, పొడుగనిపిస్తే కత్తిరించుకోండి, టైర్ల సంగతి మాత్రం తీసెయ్యకండి.

మాది అనంతపురం జిల్లాలో ఒక చిన్న టౌను, పేరు ఎందుకులెండి. పద్దెనిమిదేళ్ళ నుంచి పంక్చర్ షాపు నడుపుతున్నాను. షాపు వెనకాలే ఇల్లు. పాత టైర్లు మేం పారెయ్యం, కొట్టం రేకులు గాలికి లేవకుండా బరువు పెట్టుకోవడానికనో, పిల్లలకు ఉయ్యాల కట్టడానికనో ఎవరో ఒకరు వచ్చి అడుగుతూనే ఉంటారు. అందుకని గోడవారగా పేర్చి పెట్టేవాణ్ణి, ఎప్పుడు చూసినా ముప్పై నలభై ఉండేవి. వాన పడితే వాటిలో నీళ్ళు నిలిచేవి. టైరు ఎట్లా తిప్పి పెట్టినా లోపల గుప్పెడు నీళ్ళు మిగలడం మామూలే కదా, ఎవరు పట్టించుకుంటారు.

పోయిన ఏడాది సెప్టెంబరులో మా పాపకు జ్వరం వచ్చింది. ఆరో తరగతి. బడి నుంచి వచ్చి బ్యాగు కూడా తియ్యకుండా మంచం మీద పడిపోయింది, కళ్ళ వెనకాల నొప్పి అంది, ఒళ్ళు పెనం మాదిరి కాలిపోతోంది. మొదటి రోజు వీధి చివర ఆయన దగ్గరికి తీసుకుపోయాను, ఒళ్ళు నొప్పులు తగ్గడానికని సూది వేశాడు. రెండో రోజు తగ్గలేదు. మూడో రోజు రక్తం తీయిస్తే డెంగీ అన్నారు. ఆ తర్వాత ఆసుపత్రి, సెలైన్లు, పూటపూటకూ రక్త పరీక్ష, ఆ టెన్షన్ అంతా రాస్తే మీ పేజీ చాలదు. పాప బాగుంది ఇప్పుడు.

ఇంటికొచ్చిన వారానికి మా ఏరియా ఆశా వర్కర్ వచ్చింది. పాపను చూసింది, తింటోందా అని అడిగింది, అడిగి బయటికి వెళ్ళి టైర్ల దగ్గర నిలబడి "అన్నా, తెల్ల ప్లేటు ఏదైనా ఉంటే ఇయ్యి" అంది. అన్నం తినే ప్లేటు తెచ్చిచ్చాను. కింది వరసలో ఒక లారీ టైరు పట్టుకుని వంచమంది, వంచాను. టీ డికాక్షన్ మాదిరి నీళ్ళు ప్లేట్లో పడ్డాయి, ఒక వేపాకు కూడా. కాసేపు కదపొద్దంది. చెత్త అడుగుకు దిగాక చూస్తే ప్లేటంతా వెంట్రుక ముక్కల్లాంటి పురుగులు, తల కిందికి పెట్టి నీళ్ళ పైభాగానికి వేలాడుతున్నాయి. నేను వంగి చూడగానే నా నీడ పడి అన్నీ మెలికలు తిరుగుతూ అడుగుకు పోయాయి. వాటి మధ్య కామా గుర్తులా వంగినవి కొన్ని ఉన్నాయి. వాటిని చూపించి "ఇవి రేపో ఎల్లుండో ఎగిరిపోతాయన్నా" అంది. అంతే. నీ టైర్ల వల్లే అనలేదు, జాగ్రత్త అని కూడా అనలేదు. ప్లేటు తీసి ఎండలో మట్టి మీద ఒంపేసి, పక్కింటికి పోయింది.

నేను చదువుకోని వాణ్ణేం కాదు సార్, ఇంటర్ దాకా చదివాను, రోజూ పేపరు చదువుతాను. దోమ నీళ్ళలో గుడ్లు పెడుతుందని పరీక్షలో రాసినవాణ్ణే. అయినా పద్దెనిమిదేళ్ళుగా ఆ పురుగుల్ని చూస్తూ నీళ్ళ పురుగులు అనుకున్నాను గానీ అవి దోమలని నాకు తట్టలేదు. డెంగీ దోమ పుట్టిన చోటి నుంచి మామూలుగా వంద రెండు వందల మీటర్లు దాటి పోదంట. మా పాప మంచానికీ నా టైర్లకూ మధ్య పదిహేను అడుగులు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మైకు సంగతి. "పరిసరాలను పరిశుభ్రంగా ఉంచుకోవాలి, మురుగు నిలవకుండా చూసుకోవాలి, నీటి నిల్వలు లేకుండా చూసుకోవాలి" అని ఆటో పోతుంది. మొదటి రెండు మాటలతో జనం చూపంతా మురుగుకాలువ మీదికి పోతుంది. మా వీధిలో దోమ అనగానే అందరూ కాలువ వైపు చెయ్యి చూపిస్తారు, పూడిక తియ్యలేదని తిడతారు, ఆ తిట్టు న్యాయమే, నేనూ తిడతాను. కానీ కాలువలో పుట్టేది వేరే దోమ, రాత్రి చెవి దగ్గర పాట పాడేది, బోదకాలు తెచ్చేది. డెంగీ, చికున్‌గున్యా తెచ్చే దోమకు నల్లటి కాళ్ళ మీద తెల్ల చారలుంటాయి, పగలు కుడుతుంది, దానికి మురుగు నచ్చదు, మనం తాగే నీళ్ళలాంటి తేట నీళ్ళు కావాలి. మలేరియా దోమ ఇంకొకటి, తోక పైకెత్తి వాలుతుంది, చీకటి పడ్డాకే వస్తుంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాదులోనే అని అందరూ గొప్పగా చెప్పుకుంటాం, నూట పాతికేళ్ళు దాటినా ఏ దోమ ఏ నీళ్ళలో పుడుతుందో మా వీధిలో పదిమందిని అడిగితే ఇద్దరు చెప్పలేరు. ఏడాది కిందటి దాకా నేనూ చెప్పలేకపోయేవాణ్ణి.

ఇక మూడో మాట, నీటి నిల్వలు లేకుండా చూసుకోండి. సార్, ఈ మాట రాసిచ్చిన పెద్దమనిషి ఎండాకాలంలో మా ఊళ్ళో ఒక వారం ఉండి చూడాలి. మన జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో మనది ఒకటి. మా వీధికి కొళాయి రోజు మార్చి రోజు వస్తుంది, ఏప్రిల్ మే నెలల్లో మూడు నాలుగు రోజులకు ఒకసారి, అదీ ఒక గంట. ఆ గంటలో ఇంట్లో అడుగున్న ప్రతి పాత్రా నింపుకుంటాం. నిన్న మా ఇంట్లో లెక్కపెట్టాను: 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు, సిమెంటు తొట్టి ఒకటి, బిందెలు పదకొండు, పెయింటు డబ్బాలు నాలుగు. మాకన్నా ఎక్కువ ఉన్న ఇళ్ళే ఎక్కువ. ఇట్లాంటి చోట నీళ్ళు నిల్వ పెట్టుకోవద్దని చెబితే ఆడవాళ్ళు నవ్వుతారు, నవ్వి లోపలికి పోతారు, ఆ తర్వాత మైకులో ఎంత మంచి మాట చెప్పినా చెవికెక్కదు. చుట్టాలొచ్చి "మీకు వానలే లేవు కదప్పా, దోమలెక్కడివి" అని అడుగుతుంటారు. వానల్లేవు కాబట్టే నీళ్ళు దాచుకుంటాం, దాచుకున్న చోటే దోమ పిల్లల్ని పెడుతుంది. దానికి మా ఊళ్ళో చెరువు అక్కర్లేదు, డ్రమ్ము చాలు.

బిందెలతో పేచీ లేదు, రెండు రోజుల్లో ఖాళీ అవుతాయి. గొడవంతా డ్రమ్ముతోనూ తొట్టితోనూ. అడుగున జానెడు నీళ్ళు ఎప్పుడూ ఉంచుతాం, రేపు కొళాయి రాకపోతే అన్న భయం, కొళాయి వచ్చాక ఆ పాత నీళ్ళ మీదే కొత్తవి పోస్తాం. మా తొట్టి అడుగు చివరిసారి ఎప్పుడు చూశామో మా ఇంటామెకు గుర్తులేదు. గుడ్డు నుంచి దోమ కావడానికి మన వేడికి ఏడు నుంచి పది రోజులు చాలు. నెలల తరబడి ఖాళీ కాని తొట్టిలో ఎన్ని కాన్పులు అయ్యుంటాయో లెక్కేసుకోండి.

ఫ్రైడే డ్రైడే అని పెట్టారు, శుక్రవారం అన్నీ ఖాళీ చేసి ఆరబెట్టాలని. ఆలోచన మంచిదే, వారానికోసారి ఖాళీ చేస్తే పురుగు దోమ కాకుండానే పోతుంది. కానీ మా కొళాయికి శుక్రవారమని తెలీదు కదా. గురువారం పొద్దున నీళ్ళొస్తే శుక్రవారం డ్రమ్ము నిండుగా ఉంటుంది, నిండు డ్రమ్మును ఒంపెయ్యమంటే ఏ ఇల్లాలు ఒంపుతుంది? మా అమ్మకైతే చెప్పడానికే భయం. అదే కొళాయి రావడానికి ముందు రాత్రి అయితే డ్రమ్ములో ఎటూ అడుగునే ఉంటాయి, ఆ నీళ్ళతో డ్రమ్ము రుద్ది, అవే చెట్టుకు పోసి, బోర్లించి పడుకుంటే పొద్దున నింపుకోవచ్చు, చుక్క వృథా కాదు. అంటే ఏ వీధికి ఆ వీధి నీళ్ళ రోజును బట్టి ఆరబెట్టే రోజు ఉండాలి, వారంలో ఒక్క నీళ్ళ రోజు ఎంచుకుంటే చాలు. కొళాయి తిప్పే మనిషికి ఏ వీధికి ఏ రోజో నోటికొచ్చు. ఆయన్నీ ఆశా వర్కర్‌నీ ఒక పది నిమిషాలు కూర్చోబెడితే అయిపోయే పని, ఇంతవరకూ ఎవరూ కూర్చోబెట్టలేదు.

రుద్దడం అన్నాను, దాని గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది మైకులో అస్సలు రాదు. ఈ చారల దోమ గుడ్లు నీళ్ళ మీద పెట్టదు, నీటి అంచుకు కాస్త పైన తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది, ఒక్కో విడతలో వంద దాకా. నల్లగా నలుసుల్లా ఉంటాయి, డ్రమ్ము లోపల చూస్తే మురికి అనుకుంటాం. నీళ్ళు ఒంపేసినా అవి గోడకే ఉంటాయి, నెలల తరబడి ఎండినా చావవు, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. కాబట్టి ఒంపి మళ్ళీ నింపుకోవడం అంటే వాటికి మనమే పురుడు పోయడం. టెంకాయ పీచుతో గోడ చుట్టూ, ముఖ్యంగా నీటి గీత పడ్డ చోట గట్టిగా రుద్ది కడగాలి. మూత కూడా అంతే, వంగిన రేకు మూత పెట్టి మీద రాయి పెడతాం, పక్కన వేలు దూరేంత సందు ఉంటుంది, అది దోమకు సింహద్వారం. పాత పంచె గుడ్డ పరిచి చుట్టూ తాడు బిగిస్తే దూరలేదు. ఇది ఖర్చు లేని పని. తాడు బిగించే విధానం మాత్రం చేసి చూపించాలి, చెబితే ఎవరూ చెయ్యరు.

పొగ సంగతికి వస్తే, పొగ గాల్లో ఎగిరే పెద్ద దోమను చంపుతుంది, నీళ్ళలో పురుగును ఏమీ చెయ్యదు. పైగా చారల దోమ ఉండేది ఇళ్ళలో, మంచం కింద, కొక్కేనికి తగిలించిన చొక్కాల వెనక. పొగ బండి శబ్దం వినగానే మనం చేసే మొదటి పని తలుపులూ కిటికీలూ మూసెయ్యడం. దోమను లోపల భద్రంగా పెట్టి వీధికి పొగ పెట్టించుకుంటున్నాం. కేసులు ఎక్కువగా వచ్చిన చోట పొగ పెట్టక తప్పదు, కాదనను. కానీ పొగ వచ్చిందంటే పని అయిపోయిందని జనం అనుకుంటారు, అదీ నష్టం. మీ పేపర్లో కూడా పొగ ఫోటో వస్తుంది, పీచుతో డ్రమ్ము రుద్దే ఆడమనిషి ఫోటో నేనెప్పుడూ చూడలేదు.

జ్వరం వచ్చాక ఏం చెయ్యాలో కూడా ఎవరూ చెప్పరు, నాకు ఆసుపత్రిలో తెలిసినవి రెండు మూడు రాస్తాను. ఆ మొదటి రోజు వేసిన నొప్పుల సూది గురించి చెబితే డాక్టరమ్మ నన్ను నిలబెట్టి తిట్టింది. డెంగీ అనుమానం ఉంటే పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి తాకకూడదంట, రక్తం కారే ప్రమాదం పెరుగుతుందంట. రెండోది, జ్వరం దిగిందని నేను సంతోషపడ్డ రోజే ఆమె ముఖం గంభీరంగా పెట్టింది. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గే రోజుల్లోనే ఉంటుంది, ఒక రోజు అటూ ఇటూ. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, పిల్ల మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనబడ్డా పరిగెత్తాలి. మనవాళ్ళు జ్వరం దిగింది కదా అని ఆ రోజే డిశ్చార్జి అడుగుతారు. ప్లేట్‌లెట్ల గోల సరేసరి, పాపకు 60,000కు పడితే మా బావమరిది ఎక్కించమని ఆసుపత్రిలో రభస చేశాడు. రక్తం కారకుండా ఉంటే 10,000 కన్నా దిగితే తప్ప ఎక్కించే పని లేదని, ఒంట్లో నీళ్ళు చూసుకోవడమే అసలు వైద్యమని ఆమె ఓపిగ్గా చెప్పింది. వాడు నమ్మలేదనుకోండి, బొప్పాయి ఆకుల కోసం పోయాడు.

దోమతెర కూడా అట్లాగే. మనం తెర కట్టేది రాత్రిపూట. జ్వరం ఉన్న పిల్లను పగలు తెరలో పడుకోబెట్టాలని ఎవరికి తెలుసు? మొదటి నాలుగైదు రోజులు ఆమె రక్తంలో వైరస్ ఉంటుంది, అప్పుడు కుట్టిన దోమ ఒక పది రోజుల తర్వాత నుంచి బతికినన్నాళ్ళూ ఇంకొకరికి అంటిస్తూనే ఉంటుంది. మా పాప తర్వాత పక్కింట్లో ఇద్దరికి వచ్చింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, నేనే అనుకుంటున్నాను.

2006లో చికున్‌గున్యా వచ్చి సీమంతా మంచం పట్టినప్పుడు నేను కుర్రవాణ్ణి. మా వీధిలో మనుషులు గోడలు పట్టుకుని నడిచేవాళ్ళు. ఆ పేరును అందరూ చికెన్ గున్యా అనేవాళ్ళు, కోళ్ళ వల్ల వస్తుందనుకుని మా అమ్మ ఆరు నెలలు ఇంట్లో కోడికూర వండనివ్వలేదు. అది ఆఫ్రికాలో ఒక భాష మాట, ఒళ్ళు వంగిపోయే జబ్బని అర్థమట, నాకు ఈ మధ్యే తెలిసింది. ఆ ఆరు నెలలూ మా పెరట్లో తొట్టి మాత్రం నిండుగానే ఉంది. అప్పుడు ఎవరైనా తెల్ల ప్లేటు పట్టుకుని వచ్చి ఉంటే, మా అమ్మ కోడికూర వండి తొట్టి ఒంపేసి ఉండేది.

బడుల సంగతి ఒకటి. మే 16 జాతీయ డెంగీ దినం, ర్యాలీలు తీస్తారు, ఆ రోజు మన దగ్గర పిల్లలకు ఎండాకాలం సెలవులు. పిల్లల్లేకుండా బ్యానరు పట్టుకుని ఎవరు నడుస్తారో ఫోటోల్లో మీరే చూస్తుంటారు. పిల్లలకు చెప్పాల్సింది జులై ఆగస్టుల్లో, వాన మొదలయ్యాక. అదీ వ్యాసరచన పోటీ పెట్టి కాదు. ఒక సీసాలో ఈ పురుగుల్ని నీళ్ళతో సహా వేసి, మూతికి దోమతెర ముక్క కట్టి, క్లాసులో కిటికీ దగ్గర వారం రోజులు పెట్టండి. పురుగు కామా అయ్యి, కామా చీలి దోమ బయటికి రావడం పిల్లలు కళ్ళతో చూస్తే సాయంత్రానికి ఇంట్లో తొట్టి దగ్గర నిలబడతారు. మా పాప ఇప్పుడు ఇన్‌స్పెక్టరు. టార్చి వేసుకుని మేడ ఇళ్ళకు కూడా పోతుంది. వాళ్ళ దగ్గర ఇంకా ఎక్కువ దొరుకుతున్నాయి, మనీ ప్లాంటు సీసా, కూలరు అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, మూత పగిలిన సింటెక్స్ ట్యాంకు. దోమలంటే పేదల వీధి చూపించేవాళ్ళకు ఇది చెప్పండి.

మా ఇంట్లో పెద్ద గొడవ రోలుతో వచ్చింది. గ్రైండరు కొన్నాక రుబ్బురోలు పెరట్లో పడి ఉంది, వాన పడితే గుంతలో నీళ్ళు. బోర్లిద్దామంటే మా అమ్మ ఒప్పుకోలేదు, రోలు బోర్లిస్తే ఇంటికి మంచిది కాదంది. పాప వాళ్ళ జేజితో వాదించలేదు, ఇసుక తెచ్చి గుంత నిండా పోసింది. జేజికీ అభ్యంతరం లేదు. మైకులో చెప్పే ఏ మాటకైనా ఇట్లాంటి దారి వెతకడానికి ఇంటి లోపలికి వచ్చే మనిషి కావాలి, ఆశా వర్కర్లు ఆ పని చెయ్యగలరు, కానీ వాళ్ళ చేతిలో ఇప్పుడు ఫోనూ దాని నిండా యాపులూ ఉన్నాయి, ఇంటి ముందు ఫోటో తీసి అప్‌లోడ్ చేసి తర్వాతి ఇంటికి పోవాల్సిందే. ప్లేటు అడిగే టైము వాళ్ళకు మిగలట్లేదు.

మీ వైపు నుంచి నేను అడిగేది చిన్నది. జిల్లా పేజీలో కరెంటు కోతలు వేస్తారు, బంగారం ధర వేస్తారు. అట్లాగే ఏ వార్డుకు ఏ రోజు కొళాయి వస్తుందో ఒక చిన్న బాక్సు వేసి, దాని పక్కన ముందు రాత్రి డ్రమ్ము రుద్దుకోండి అని ఒక లైను వెయ్యండి. పొగ ఫోటో వేసిన చోటే వెయ్యండి. మొదటి వారం నవ్వుతారు, నవ్వనీండి.

నా టైర్లకు ఇప్పుడు పైన టార్పాలిన్ ఉంది, కింది వరసలో ఉన్నవాటికి డ్రిల్లుతో చిల్లులు పెట్టాను. ట్యూబు ముంచే టబ్బు రోజూ షాపు మూసే ముందు ఒంపేస్తున్నాను. రేపు పొద్దున అయిదింటికి మా వీధికి నీళ్ళు, మా ఇంటామె ఇప్పటికే పీచు పట్టుకుని రెండుసార్లు పిలిచింది. ఉంటాను.

ఇట్లు,
ఒక పంక్చర్ షాపు యజమాని,
అనంతపురం జిల్లా